తొట్టికి తగిన అలంకారము



డిసెంబరు మన పల్లెలకు కోతల నెల. వరిచేలు పండి బంగారు రంగు తిరుగును. పనలు కట్టువారు, కుప్పలు వేయువారు, కళ్ళములో కావలి పండుకొనువారు, ఇట్లు ఊరిలో సగము మంది చేలలోనే యున్నప్పుడు క్రిస్మసు పండుగ వచ్చును. చలిదేశములలో ఈ పండుగ మంచు నడుమ వచ్చుచున్నది. అక్కడి చేలలో అప్పుడు ఏమియు మొలవదు. ఆకు రాల్చని చెట్టు ఒక్కటే పచ్చగా నిలుచును గనుక ఆ దేశస్థులు దాని కొమ్మను ఇంటిలోనికి తెచ్చుకొని సంతోషించిరి. మన సంగతి వేరు. మనకు ఈ నెలలో పొలము నిండియుండును. పెరటిలో బంతియు చేమంతియు విరగబూయును. మామిడాకు పచ్చగా నుండును. ఇంత కలిమి చుట్టునుండగా, గుడికి కట్టుటకు మనకేమియు లేదన్నట్లు పట్నపు అంగడికి పోయి మెరుపు దండలు, ప్లాస్టిక్ ఆకులు, థర్మోకోల్ పలకలు కొని తెచ్చుట అనేక సంఘములలో వాడుకయైనది.

ఈ మాసము ఆ అలంకారమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిని. నేను గోదావరి కాలువ క్రింది ఒక పల్లెలో ఇరువది యేండ్లకు పైగా సండేస్కూలు పిల్లలకు పాఠము చెప్పుచున్న దానను. "తోరణములు కట్టుట చిన్న సంగతి గదా, ఆత్మీయ పత్రికలో దీనికి చోటేల?" అని మీలో కొందరు అడుగవచ్చును. చిన్నదో పెద్దదో చివర వరకు చదివి మీరే నిర్ణయించుడి.

లూకా సువార్త 2వ అధ్యాయము తెరచి చూడుడి. ప్రభువు పుట్టుకను గూర్చిన ఆ వృత్తాంతములో తొట్టి యను మాట మూడు మారులు వచ్చుచున్నది. తల్లి శిశువును పండుకొనబెట్టినప్పుడు 7వ వచనములో ఒకసారి, దూత కాపరులకు ఆనవాలు చెప్పినప్పుడు 12వ వచనములో ఒకసారి, కాపరులు వెళ్ళి చూచినప్పుడు 16వ వచనములో ఒకసారి. నక్షత్రము మత్తయి సువార్తలో నున్నది. క్రిస్మసు చెట్టు ఏ సువార్తలోను లేదు. తొట్టియో, దూత నోట వచ్చిన ఆనవాలు.

పటములలో ఈ తొట్టిని ఊయలవలె మెత్తగా, అందముగా గీయుదురు. పల్లెవారమైన మనకు అసలు తొట్టి తెలియును. మన యిండ్లలో కుడితి పోయునది అదియే. గడ్డి వేయు చోటును కొన్ని ఊళ్ళలో గాడి యందురు. అందులో వేయునది పశువు నోటిలోనికి పోవును గనుక ఇల్లాలు కుడితి పోయుటకు ముందు చెయ్యి పెట్టి రాయి రప్ప ఏరివేయును. ప్రభువునకును ఈ పని తెలియును. లూకా 13వ అధ్యాయము 15వ వచనములో, విశ్రాంతిదినమున సయితము ఎద్దును గాడియొద్ద నుండి విప్పి నీళ్ళకు తోలుకొనిపోవు వాడుకను ఆయన ఎత్తి చూపెను. పశువు దప్పిక ఆయన లెక్కలో నుండెను.

నేను చెప్పదలచినది ఈ తొట్టిని బట్టియే. పండుగకు మనము కట్టు ప్రతి వస్తువును గూర్చి ఒక ప్రశ్న వేసికొనవలెను: పండుగ వెళ్ళిన తరువాత ఇది తొట్టిలో వేయదగునా? తొట్టిలో కాకున్నను, ఎరువు గుంటలో వేయవచ్చునా? పొయ్యిలో పెట్టవచ్చునా? పిట్టకు పెట్టవచ్చునా? లేక వచ్చే యేటికి అటకమీద దాచదగునా? వీటిలో దేనికిని తగనిది ప్రభువు జన్మదినమున ఆయన గుడిలో కట్టదగినది కాదని నా మనవి.

ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట, సంక్రాంతి దాటిన వారములో, మా పేటలోని ఒక విధవరాలి గేదె మేత మానివేసెను. మేమందరము ఆమెను పెద్దమ్మ యని పిలుతుము. ఆమెకు పొలము లేదు, కొడుకులు లేరు. పూటకు రెండు లీటర్ల పాలిచ్చు ఆ గేదెయే ఆమెకు పొలమును కొడుకును. మూడు దినములు దాని యెడమ ప్రక్క డప్పువలె ఉబ్బియుండెను. నెమరు ఆగిపోయెను. పశువైద్యుడు వచ్చి చేయగలిగినదంతయు చేసెను గాని నాలుగవ దినమున తెల్లవారకముందే అది చనిపోయెను. కారణము తెలియవలెనని ఆయన చెరువుగట్టున కడుపు కోసి చూడగా, ఒక గంపెడు ప్లాస్టిక్ సంచులు ముద్దగా చుట్టుకొని బయటపడెను. ఆ ముద్దలో పండుగ దండల పచ్చని మెరుపు తీగలు కూడ నుండెను. ఎన్నాళ్ళు కడుపులో నున్నవో గాని వాటి తళుకు తగ్గలేదు. ఎండలో మెరయుచునే యుండెను.

"ఇది ఒక్క పండుగది కాదండీ. ఏళ్ళ తరబడి మింగింది," అని వైద్యుడు న్యాయముగానే చెప్పెను. అయినను మా చూపులన్నియు ఆ పచ్చని తీగల మీదనే నిలిచెను. పెద్దమ్మ ఎవరిని ఏమియు అనలేదు. చాలసేపటికి నా వైపు తిరిగి, "పంతులమ్మగారూ, పాలమ్మిన డబ్బులతోనే అమ్మా మొన్న పండక్కి చందా ఇచ్చాను," అని మాత్రము అనెను.

ఆ మాటలో నింద లేదు. లెక్క చెప్పినట్లు చెప్పెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పశువు ప్లాస్టిక్‌ను ఏల తినునో వైద్యుడు మాకు వివరించెను. గేదె, ఆవు మనవలె నమిలి మింగవు. ముందు గబగబ మింగి, నీడను పండుకొన్నప్పుడు మరల నోటికి తెచ్చుకొని నెమరు వేయును. మింగునప్పుడు మంచి చెడ్డ ఏరుకొను ఓపిక దానికి లేదు. అన్నము అంటిన సంచిని అన్నముతోపాటు మింగును. దాని కడుపులో నాలుగు అరలున్నవి. మొదటిదగు పెద్ద అరలో గడ్డి పులిసి కరుగును. ప్లాస్టిక్ అందులో కరుగదు, ముందుకు సాగదు, వెనుకకు రాదు. దండలోని సన్నని ఇనుప తీగ ఇంకను అపాయకరము. అది రెండవ అరలో దిగి, గోడను పొడిచి, దాని కెదురుగా నున్న గుండె వరకు పోగలదు. నోరులేని జీవి బాధ చెప్పుకొనలేదు. మేత మానివేయుటయే దాని మొర.

మరుసటి నవంబరులో పండుగ యేర్పాట్లకై సంఘము కూడినప్పుడు నేను ఈ సంగతి ఎత్తితిని. ఈ యేడు అలంకారమంతయు మన చేలలో, మన పెరళ్ళలో దొరకు వాటితో, మన చేతులతోనే చేయుదమంటిని. స్త్రీలు సరే యనిరి. పిల్లలు సంతోషించిరి. అయితే ఒక సంఘపెద్ద లేచి నిలువబడి ఇట్లనెను: "పంతులమ్మగారూ, మా తాతలు తాటాకు గుళ్ళో మోకరించారు. వానొస్తే నెత్తిన కారేది. కూలి డబ్బుల్లో అణా అణా దాచి, ఇటుకలు మోసి ఈ గుడి కట్టుకున్నాం. ఇప్పుడు మళ్ళీ తాటాకు తెచ్చి లోపల కట్టమంటారా? ఊళ్ళోవాళ్ళు చూసి ఏమనుకుంటారు?"

చదువరులారా, ఆ మాటను తేలికగా తీసివేయకుడి. మన సంఘములలో అనేకులకు గుడి మెరుపు ఆడంబరము కాదు. తరతరములు తలవంచి నడచినవారు తల యెత్తుకొనిన గురుతు అది. ఊరివారు కన్నెత్తి చూడని పేటలో, సంవత్సరమునకు ఒక్క రాత్రియైనను దూరపు రోడ్డుమీద పోవువారు ఆగి చూచునట్లు గుడి వెలుగవలెనని ఆయన కోరెను. ఆ కోరికలో తప్పేమియు లేదు. అందుచేత నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కొంతసేపటికి, "అన్నయ్యగారూ, తాతలు వేరే గతి లేక తాటాకు కప్పారు. లేక కట్టడం వేరు, ఉండి కట్టడం వేరు. గుడి వెలవెలపోవాలని నేననను. మొన్నటికంటె బాగుండాలనే అంటున్నాను," అంటిని. అయ్యగారు కలుగజేసికొని గోడలకు సున్నము వేయించుదుమని, దీపములు ఎప్పటివలెనే పెట్టుదుమని చెప్పిరి. ఆ పెద్ద కొంచెము ఆలోచించి, "సరే, ఈ ఒక్క ఏడు చూద్దాం," అని కూర్చుండెను.

ఇట్లు చేసినవారిలో మేము మొదటివారము కాము. 1223వ సంవత్సరములో ఇటలీ దేశమునందలి గ్రెచ్చో అను పల్లెలో అస్సీసి ఫ్రాన్సిస్ క్రిస్మసు రాత్రి ఒక తొట్టిని సిద్ధపరచి, అందులో గడ్డి వేయించి, ఎద్దును గాడిదను తెప్పించి, ప్రభువు ఎంత లేమిలో పుట్టెనో ప్రజలు కన్నులార చూచునట్లు చేసెను. ఆయన జీవితచరిత్ర వ్రాసిన చెలానో తోమాసు, ఆ తొట్టిలోని గడ్డిని తరువాత దాచి జబ్బుపడిన పశువులకు తినిపించిరని చెప్పుచున్నాడు. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి ఆ పండుగ అలంకారము చివరకు పశువుల నోటికి మేతగా చేరెను! జర్మనీ దేశములో నీస్కీ యను ఊరి మొరేవియను సహోదరుల బడిలో, 19వ శతాబ్దపు మొదటి భాగమున, పిల్లలకు క్షేత్రగణితము నేర్పుటకై కాగితముతో నక్షత్రములు చేయించిరి. ఇప్పుడు హెర్న్‌హూట్ నక్షత్రమని లోకమంతట పేరొందినది ఆ బడిపిల్లల చేతిపనియే.

మన దేశపు చట్టము కూడ ఈ విషయములో ఒక అడుగు ముందుకు వేసినది. 2022 జూలై 1వ తేది నుండి అలంకరణకు వాడు థర్మోకోల్, బుడగలకు గ్రుచ్చు ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు తయారుచేయుటయు అమ్ముటయు వాడుటయు నిషేధింపబడినవి. అయినను గుడిలో పశువులపాక బొమ్మను థర్మోకోల్ పలకలతో కట్టుట కొన్ని చోట్ల మానలేదు. పశువులపాకను పశువు తినరాని వస్తువుతో కట్టుట ఎంత విచిత్రమో చూడుడి.

ఇక మేము చేసిన వస్తువులను, చేసిన విధమును వరుసగా చెప్పెదను. మీ సంఘములోను చేసి చూడవచ్చును.

మొదటిది నక్షత్రము. మా పేటలో చేపలు పట్టు వెదురు మావులు అల్లు తాత ఒకడున్నాడు. నైలాను వలలు వచ్చినది మొదలు ఆయన పని పడిపోయెను. గుడికి వచ్చుటయు తగ్గించెను. నక్షత్రమునకు వెదురు చీరవలెనని పిల్లలను వెంటబెట్టుకొని పోయి అడుగగా, కత్తి నూరుకొని మరునాడే వచ్చెను. "బద్ద సన్నగా చీరితే చాలదర్రా. కణుపు దగ్గర లోపల చెక్కాలి, లేకపోతే వంచినప్పుడు అక్కడే విరుగుద్ది," అని పిల్లలకు చూపించెను. సమానమైన పొడవు గల ఐదు బద్దలను ఒకదాని మీదుగ ఒకటి, ఒకదాని క్రిందుగ ఒకటి పోవునట్లు పేర్చి కొనలు దారముతో కట్టినచో ఐదు కొనల చుక్క యగును. అట్టివి రెండు చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలను కలిపి కట్టవలెను. పిమ్మట లోపల బద్దలు కలిసికొను ఐదు మూలలలో జానెడు పుల్లలను అడ్డముగా నిలిపినచో మధ్య ఉబ్బి దీపము పట్టు చోటు ఏర్పడును. దానిమీద గాలిపటముల పలుచని కాగితము అంటించవలెను. జిగురుకై మైదాపిండిని గాని చింతగింజల పిండిని గాని నీళ్ళలో ఉడికించిన చాలును. పురుగు పట్టకుండ ఆ జిగురులో మైలుతుత్తము కలుపు వాడుక కలదు. అది విషము. పిల్లల చేతికిని పశువు నోటికిని తగదు గనుక మేము కలుపలేదు. లోపల నూనె దీపము పెట్టరాదు, కాగితము అంటుకొనును. చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టినచో వేడి తక్కువ, ఖర్చు తక్కువ.

రెండవది వరికంకుల కుచ్చు. మన గోదావరి జిల్లాలలో పిచ్చుకల కొరకు చూరుకు కంకుల కుచ్చు వ్రేలాడదీయు మంచి వాడుక పూర్వము నుండి యున్నది. దానినే గుడిలోనికి తెచ్చితిమి. గింజ పూర్తిగా ఎండకముందు, కొంచెము పచ్చిమీద నున్నప్పుడే కంకులను మూరెడు కాడతో కోయవలెను. ఎండిన పిమ్మట కోసినచో అల్లునప్పుడు గింజ రాలిపోవును. కాడలను తడిపి, జడవలె అల్లి, పైన గడ్డితాడుతో బిగించిన గంటవలె వ్రేలాడును. మెట్టప్రాంతములవారు, తెలంగాణ సోదరీ సోదరులు జొన్న కంకులతోను సజ్జ కంకులతోను ఈలాగే చేసికొనవచ్చును. పత్తి పండు చోట్ల, పగిలిన పత్తికాయలను పుల్లతో సహా కొమ్మకు కట్టుడి. మనము చూడని మంచును నటించుటకు దూది అంటించుట కంటె, మన చేలో మనము చూచిన ఆ తెలుపే అందమైనది.

మూడవది గడ్డి చుక్కలు. యంత్రము కోసిన గడ్డి నలిగిపోవును. చేతితో కోసిన పనలోని నిలువు గడ్డి కావలెను. కణుపులు తీసివేసి, గొట్టములను ఒక గంట నానబెట్టి, గోటితో నిలువుగా చీల్చి, రోకటి బండ క్రింద పెట్టి సాపు చేయవలెను. నాలుగు ముక్కలను అడ్డముగా నిలువుగా పేర్చి నడుమ నూలుదారముతో ముడివేసిన ఎనిమిది కొనల చుక్క యగును. దీపము తగిలినప్పుడు ఈ గడ్డి బంగారు రేకువలె మెరయును. రంగు వేయనక్కరలేదు. మూడేండ్ల బిడ్డ తప్ప అందరును చేయగల పని యిది.

నాలుగవది తాటాకు. విచ్చుకొనని లేత ఆకును నీడన ఆరబెట్టిన తెల్లగా నుండును. తడిపి మడిచినచో చిలుకలు, చేపలు, గిలకలు, చిన్న బుట్టలు చేయవచ్చును. ఒక చెట్టునుండి ఒక ఆకుకు మించి కోయకుడి. తాడికి పెరుగు చోటు తలమీద ఒక్కటే. అది చెడిన చెట్టు చచ్చును. పెద్దమ్మ చేతికి ఈ పని చక్కగా వచ్చును. గేదె పోయిన పిదప ఆరాధనలో వెనుక వరుసకు జరిగి మౌనముగా కూర్చుండిన ఆమె, ఆ రెండు వారములును గుడి అరుగుమీద పిల్లల నడుమ కూర్చుండి చిలుకలు మడిచెను. ఆ సంవత్సరము చందా ఈయలేకపోయినవారి జాబితా ఎవరును వ్రాయలేదు. అందరును ఏదో యొకటి చేతులతో ఇచ్చియే యుండిరి.

ఐదవది మట్టి. కాలువగట్టు బంకమట్టిలో కొంచెము ఊక కలిపి పిసికినచో ఎండినప్పుడు పగులదు. పశువులపాక, గొఱ్ఱెలు, కాపరులు, ప్రమిదలు అన్నియు పిల్లలు చేసిరి. తెలుపునకు సున్నము, ఎరుపునకు జాజు, నలుపునకు బొగ్గు, పచ్చకు పసుపు వాడితిమి. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగును. ఆ మార్పు చూచి పిల్లలు కేకలు వేసిరి. పసుపు ఎండకు వెలియును గనుక పసుపు వేసిన బొమ్మలను లోపలనే పెట్టవలెను.

చెట్టు కొరకు సముద్రతీరమున పెరుగు సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి తడి యిసుక కుండలో నిలిపితిమి. నరికిన తోటలో విడిచిన కొమ్మయే గనుక చెట్టు కొట్టనవసరము లేకపోయెను. దానికి గడ్డి చుక్కలు, కుంకుడు కాయల దండలు, లేసు అల్లు స్త్రీలు నూలుతో చేసియిచ్చిన తెల్లని పువ్వులు కట్టితిమి. ఈ లేసు అల్లిక 19వ శతాబ్దములో మిషనరీ స్త్రీలు నేర్పగా గోదావరి తీరమున వ్యాపించినది. కూలికి అల్లు ఆ చేతులు తమ గుడికై అల్లుట నేను అంతకుముందు చూచియుండలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చెట్టునుండి వచ్చినదంతయు తొట్టికి తగునని తలంచరాదు. గురివింద గింజలు ఎఱ్ఱగా ముద్దుగా నుండును గాని వాటిలోని విషము ప్రాణాంతకము. నమిలిన బిడ్డ ప్రాణమునకు అపాయము కలుగవచ్చును. ఆముదపు గింజలును అట్టివే. గన్నేరు ఆకు, పువ్వు, కాయ మనుష్యునకును పశువునకును కూడ హాని చేయును. వీటిని దండలు గ్రుచ్చుటకు పిల్లల కియ్యకుడి. మరియు మీ యింట ఇదివరకే కొన్న ప్లాస్టిక్ దండలున్నచో ఈ వ్యాసము చదివి వాటిని వీధిలో పారవేయకుడి. పారవేసినచో అవి చేరునది ఆ గేదె నోటికే. పెట్టెలో భద్రముగా దాచి అవి చెడువరకు ఏటేట వాడుడి. క్రొత్తవి కొనకున్న చాలును. దీపముల వరుసలును అంతియే. పది క్రిస్మసులు వెలుగు దీపమును నేను తప్పు పట్టను.

క్రిస్మసు ముందటి రాత్రి ఆరడుగుల నక్షత్రమును గుడి ముందరి కొబ్బరిచెట్టు కెత్తి దీపము వెలిగించితిమి. సున్నము వేసిన గోడలమీద దాని ఎఱ్ఱని వెలుగు పడెను. మామిడాకుల తోరణములు, బంతిపూల దండలు, కంకుల కుచ్చులు, వాటి నడుమ తాటాకు చిలుకలు గాలికి తిరుగుచుండెను. గుడియంతయు క్రొత్తగడ్డి వాసన. రోడ్డుమీద పోవువారు ఆగి చూచిరి. ఊరిలోనివారు కొందరు లోపలికి వచ్చి ఈ చిలుకలు ఎవరు చేసిరని అడిగిరి. తాటాకు వద్దన్న పెద్ద నిచ్చెన ప్రక్క నిలిచి చాలసేపు పైకి చూచుచుండెను. తుదకు నా యొద్దకు వచ్చి, "బాగానే ఉంది పంతులమ్మగారూ. వచ్చే ఏడు చుక్కకి పసుప్పచ్చ కాగితం వేయించండి, ఎరుపు దూరానికి ఆనట్లేదు," అనెను. వచ్చే యేడు అను మాట విని నేను లోలోపల ప్రభువును స్తుతించితిని.

జనవరి మొదటి ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట అలంకారము దింపితిమి. పూర్వము ఈ పని ఎవరికిని పట్టేది కాదు. గాలికి తెగి కాలువలో పడినది కాలువలోను, దొడ్డిలో పడినది దొడ్డిలోను ఉండిపోయెడిది. ఆ యేడు పిల్లలే పంచుకొనిరి. కంకుల కుచ్చులను చూరుకు కట్టి పిచ్చుకలకు విడిచితిమి. పదిదినములలో ఉత్త కాడలు మిగిలెను. మామిడాకు, పువ్వులు ఎరువు గుంటకు పోయెను. కాగితము చించి పొయ్యిలో వేసి, వెదురు చట్రమును అటకమీద దాచితిమి. మట్టి గొఱ్ఱెలను పిల్లలు ఇండ్లకు తీసికొనిపోయిరి. విరిగినవి కాలువగట్టున కరిగి మరల మట్టియయ్యెను. గడ్డి చుక్కలకున్న దారపు ముళ్ళు విప్పి, ఆ గడ్డిని గంపలో వేసికొని పెద్దమ్మ పాకకు పోయితిమి. అలంకారమునకు ఖర్చు కాని చందా సొమ్మునకు మరికొందరు తోడువేయగా, అప్పటికి ఆమె గుంజకు ఒక పెయ్యదూడ కట్టబడియుండెను. దాని వెల పూర్తిగా తీరలేదు. మిగిలినది ఆమె పాలు పోసి తీర్చుకొనవలసియుండెను. అయినను తొట్టి మరల ఖాళీగా లేదు.

ఆమె గంపలోని గడ్డిని వాడుక చొప్పున చేతితో ఒకసారి తడిమి చూచెను. రాయి లేదు, తీగ లేదు. అప్పుడు తొట్టిలో వేసెను. దూడ మూతి పెట్టి తినెను. పిల్లలలో ఒకడు, "మా చుక్క తినేసింది," అని నవ్వెను.

ప్రియులారా, ఈ క్రిస్మసునకు మీ సంఘము కూడినప్పుడు మూడు పనులు చేయుడని వేడుకొనుచున్నాను. ఏమి కట్టవలెనో ఆలోచించు దినముననే, దానిని ఎవరు దింపి ఎక్కడ వేయుదురో కూడ నిర్ణయించుడి. మీ పేటలో వెదురు చీరువాడు, తాటాకు మడుచు అవ్వ, మట్టి పిసుకు కుమ్మరి ఎవరున్నారో వెదకి, ఇంటికి పోయి పిలువుడి. చాలకాలముగా వారిని ఏ పనికిని పిలిచినవారు ఉండకపోవచ్చును. తుదకు, కట్టబోవు ప్రతి వస్తువును చేతిలోనికి తీసికొని, ఇల్లాలు కుడితిలో చెయ్యి పెట్టి చూచునట్లు చూడుడి.

లోకమునకు జీవాహారముగా వచ్చినవాడు మొదట పండుకొన్నది మేత వేయు చోట. ఆ చోటును శుభ్రముగా నుంచుట ఆయన పండుగను ఆచరించు వారందరి పని. పశువు ఎరుగని మాట యిది. దాని పక్షమున మనము ఎరిగియుండవలెను. మన గుడులను, మన పాకలను, మన కాలువలను, నోరులేని మన పశువులను ప్రభువు ఈ క్రిస్మసు కాలమందు దీవించి కాపాడును గాక. ఆమేన్.